ఆగి ఆగి వచ్చే మాట

'లయన్ కింగ్' చూడని పిల్లలు మన ఇళ్ళల్లో ఉంటారని నేననుకోను. 1994లో ఆ సినిమాని పిల్లలుగా చూసినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మళ్ళీ చూస్తున్నారు. అందులో ముఫాసా అనే సింహరాజు కొడుక్కి కొండమీంచి తన రాజ్యాన్ని చూపిస్తూ మాట్లాడతాడే, ఆ గొంతు గుర్తుందా? పోనీ, 'స్టార్ వార్స్' పిచ్చి ఉన్న ఇల్లయితే డార్త్ వేడర్ గొంతు? రెండూ ఒక్కరివే. ఆయన పేరు జేమ్స్ ఎర్ల్ జోన్స్. 2024 సెప్టెంబరులో తన 93వ ఏట కన్నుమూశారు. అమెరికాలో ఆ గొంతు గుర్తుపట్టని ఇల్లు ఉండదేమో.

ఆ గొంతున్న మనిషి చిన్నప్పుడు సుమారు ఎనిమిదేళ్ళపాటు దాదాపు మూగవాడిలా బతికాడు. కారణం నత్తి. మిసిసిపీలో పుట్టి, ఐదేళ్ళ వయసులో మిషిగన్‌లో ఉన్న అమ్మమ్మ, తాతల పొలానికి చేరిన ఆ పిల్లవాడికి మాట తడబడడం మొదలయ్యింది. బళ్ళో పిల్లలు నవ్వారు. దాంతో బళ్ళో నోరు విప్పడమే మానేశాడు. ఇంట్లో పశువులతో మాత్రం మాట్లాడేవాడట. ఆవులు నవ్వవు కదా!

హైస్కూల్లో డొనాల్డ్ క్రౌచ్ అనే ఇంగ్లీషు మాస్టారు ఈ కుర్రాడు రహస్యంగా కవిత్వం రాస్తున్నాడని కనిపెట్టారు. అతను ద్రాక్షపండు (గుత్తులుగా కాసేది కాదు, పంపరపనసలాంటి గ్రేప్‌ఫ్రూట్) మీద ఒక పద్యం రాశాడు. మాస్టారు అది చదివి, "ఇది నువ్వు రాసిందేనని నమ్మకమేమిటి? నీదే అయితే చూడకుండా అందరిముందూ చెప్పు" అన్న ధోరణిలో నిలదీశారు. కుర్రాడు లేచి నిలబడి, తన పద్యాన్ని ఒక్క తడబాటు లేకుండా చెప్పేశాడు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాడు తనే.

ఇలాంటి కథలు మనకి భలే ఇష్టం. ఇక్కడితో ఆపి, "చూశారా పిల్లలూ, పట్టుదల ఉంటే లోపాన్ని జయించవచ్చు" అనేస్తే వ్యాసం అయిపోతుంది, చప్పట్లూ పడతాయి. కానీ జోన్స్ ఎప్పుడూ అలా చెప్పలేదు. తనకి నత్తి పోయిందని ఆయన అనలేదు. ఉందనీ, దాంతోనే పని చేస్తున్నాననీ పెద్దవాడయ్యాక కూడా చెబుతూనే ఉన్నారు. 1993లో వచ్చిన తన జీవితకథకి ఆయన పెట్టుకున్న పేరు కూడా 'గొంతులు, నిశ్శబ్దాలు' అనే అర్థం వచ్చేదే. నిశ్శబ్దాన్ని ఆ పేరులోంచి తీసెయ్యలేదు చూడండి. ఈసారి ఈ శీర్షికలో నేను చెప్పాలనుకున్నది ఆ సంగతే.

నత్తి గురించి ఎందుకూ అంటే, మన సంఘంలో ఇది చాలామంది ఇళ్ళల్లో ఉన్నదీ, ఎవరూ మాట్లాడనిదీ కనక. చిన్నపిల్లల్లో సుమారు నూటికి ఐదుగురు ఎప్పుడో ఒకప్పుడు నత్తిగా మాట్లాడతారని లెక్క. సాధారణంగా రెండేళ్ళకీ ఐదేళ్ళకీ మధ్య, మాటలు ఒక్కసారిగా ఊరుకొచ్చే వయసులో మొదలవుతుంది. వాళ్ళల్లో ముప్పాతిక మందికి పైగా కొన్నాళ్ళకి దానంతటదే సర్దుకుంటుంది. మిగిలినవాళ్ళకి నిలిచిపోతుంది. పెద్దవాళ్ళలో నూటికి ఒకరు. మగపిల్లల్లో ఎక్కువ. దసరా సంబరాలకి హాల్లో వెయ్యిమంది చేరామంటే, పదిమంది దాకా ఉండవచ్చునన్నమాట. వాళ్ళెక్కడ అంటారా? వెనక వరసలో, ఎవరూ పలకరించకుండా ఉంటే బాగుండునని కూర్చుని ఉంటారు.

మన భాష మాటకారి పక్షం. ఒక మనిషి సమాజంలో ఎంత విలువైనవాడో చెప్పడానికి మనం వాడే మాటే 'పలుకుబడి'. నోరున్నవాడిదే రాజ్యమంటాం. అవధానం చేసేవాడికి శాలువా కప్పుతాం. గడగడా మాట్లాడే పిల్లని 'వసపిట్ట' అని మురిసిపోతాం. ఇక మాట తడబడేవాడి సంగతి చెప్పనక్కరలేదు. మన సినిమాల్లో నత్తివాడు కనిపించాడంటే అది కామెడీ ట్రాకే. అతను ముఖ్యమైన సంగతి చెప్పబోతాడు, మాట రాదు, ఎదుటివాడు చెంపమీద కొడతాడు, హాలంతా నవ్వు. ఆ సీన్లు మన పిల్లలు కూడా టీవీలో మనతోబాటే చూస్తున్నారు. మనం ఎక్కడ నవ్వుతున్నామో వాళ్ళు గమనిస్తూనే ఉంటారు.

'వసపిట్ట' అన్నాను కనక ఒక మాట. ఇండియానించి వచ్చే అమ్మమ్మల, నాయనమ్మల సూట్‌కేసుల్లో పచ్చళ్ళ సీసాల మధ్య వసకొమ్ము కూడా ఉంటుంది. అరగదీసి తేనెతో నాకిస్తే మాటలు బాగా వస్తాయని పూర్వంనించీ నమ్మకం. వాళ్ళ ప్రేమని శంకించనక్కరలేదు గానీ, ఈ దేశంలో వసని ఆహారంలో వాడడాన్ని 1968లోనే నిషేధించారు. అందులో ఉండే ఒక పదార్థం జంతువుల్లో కేన్సర్ కలిగించిందని తేలడమే కారణం. నత్తికి అది మందు కాదు. నాలిక కింద కొయ్యడం, నోట్లో గులకరాళ్ళు పెట్టుకుని మాట్లాడించడం కూడా మందులు కావు. గ్రీకు వక్త డెమస్తనీస్ గులకరాళ్ళు పెట్టుకున్నాడని ప్లూటార్క్ రాశాడు. రెండువేల ఏళ్ళుగా అందరూ దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. పిల్లల నోట్లో రాళ్ళు పెట్టకండి, గొంతులోకి పోతాయి.

మరి ఎందుకొస్తుంది? భయపెట్టడం వల్లా కాదు, దిష్టి వల్లా కాదు, అమ్మ ఉద్యోగానికి వెళ్ళడం వల్లా కాదు. మెదడులో మాటని కూర్చి, సరైన క్షణానికి నోటికి అందించే యంత్రాంగంలో ఉన్న తేడా అది. కుటుంబాల్లో దిగివస్తుందని ఎప్పటినించో తెలుసు. 2010లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకి చెందిన శాస్త్రజ్ఞులు పాకిస్తాన్‌లోని ఒక పెద్ద కుటుంబాన్ని పరిశీలించి, నత్తితో సంబంధమున్న జన్యువుల్ని మొదటిసారి గుర్తించారు. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాలు కావడంతో వెతకడం తేలికయ్యింది. ఈ మేనరికాల సంగతి మనకి కొత్తేమీ కాదు. కాబట్టి "మా వైపు ఎవరికీ లేదు, మీ వైపునించే వచ్చింది" అని భార్యాభర్తలు పోట్లాడుకునే ముందు, రెండు వైపులా మాట్లాడడం తగ్గించి బతికిన పెద్దమనుషులు ఎవరైనా ఉన్నారేమో గుర్తు తెచ్చుకోండి. "మా పెదనాన్న మితభాషి" అంటారే, ఆ మితభాషుల్లో కొందరి కథ వేరే.

నత్తి చరిత్రలో ఒక చీకటి అధ్యాయం ఉంది. పిల్లలున్నవాళ్ళంతా తెలుసుకోవలసింది. 1939లో అయోవా రాష్ట్రంలో, డావెన్‌పోర్ట్ అనే ఊళ్ళోని అనాథాశ్రమంలో 22 మంది పిల్లలమీద ఒక ప్రయోగం జరిగింది. చేయించినవాడు వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసరు. ఆయనకే నత్తి ఉండేది. నత్తి పిల్లవాడి నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో పుడుతుందని ఆయన సిద్ధాంతం. అంటే, చిన్నపిల్లలందరికీ ఉండే తడబాటుని పెద్దవాళ్ళు పట్టుకుని "నత్తి, నత్తి" అనడం వల్లే అది నిజమైన నత్తిగా మారుతుందని. ఆ సంగతి పరీక్షించడానికి, మాట చక్కగా ఉన్న ఆరుగురు పిల్లలకి "నీకు నత్తి వస్తోంది, జాగ్రత్త, సరిగ్గా మాట్లాడలేకపోతే అసలు మాట్లాడకు" అని నెలల తరబడి చెప్పించారు.

ఆ పిల్లలకి నత్తి వచ్చిందా అంటే, వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. జాన్సన్ సిద్ధాంతం నిలబడలేదు. కానీ ఆ పిల్లలు మాట్లాడడం తగ్గించేశారు. మాట మాటకీ సిగ్గుపడ్డారు. చదువులో వెనకబడ్డారు. కొందరికి ఆ బెదురు ముసలితనం దాకా వదల్లేదు. అరవై ఏళ్ళు ఈ సంగతి బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 2001లో ఒక వార్తాపత్రిక బయటపెట్టింది. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. 2007లో అయోవా రాష్ట్రం 9,25,000 డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది.

మాటకి ఏ లోపమూ లేని పిల్లల్ని కేవలం "నీలో లోపముంది" అన్న ఒక్క ముక్కతో మూగవాళ్ళని చెయ్యగలిగారంటే, నిజంగానే నత్తి ఉన్న పిల్లవాడికి ఇంట్లో రోజుకి పదిసార్లు "మెల్లిగా", "ఊపిరి పీల్చుకో", "మళ్ళీ మొదటినించి చెప్పు" అని వినబడుతుంటే ఏమవుతుందో ఆలోచించండి. ఆ మాటలు అనేది ప్రేమతోనే. పిల్లవాడికి వినబడేది మాత్రం, "నువ్వు చెబుతున్నది కాదు, చెబుతున్న తీరే మేం వింటున్నాం" అని.

ఇక మన ప్రవాసుల ఇళ్ళకి ప్రత్యేకమైన సంగతికొస్తాను. "రెండు భాషలు కలిసి బుర్ర గందరగోళమయ్యింది, ఇంట్లో తెలుగు మానెయ్యండి" అనే సలహా. బంధువులు చెబుతారు, పక్కింటివాళ్ళు చెబుతారు, ఒకప్పుడు బడివాళ్ళూ డాక్టర్లూ కూడా చెప్పేవారు. ఆ ఒక్క సలహాతో తెలుగు ఆగిపోయిన ఇళ్ళు ఉన్నాయి. పిల్లవాడికి నత్తి తగ్గిందా అంటే, లేదు. తాతయ్యా నాయనమ్మలతో మాట మాత్రం పోయింది. రెండు భాషలు మాట్లాడడం వల్ల నత్తి వస్తుందనడానికి ఆధారాలు లేవు. ప్రపంచంలో రెండు భాషలు మాట్లాడేవాళ్ళు కోట్ల మంది. అదే నిజమైతే ఒక్క హైదరాబాదులోనే తెలుగూ, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషూ కలిపి మాట్లాడే జనమంతా నత్తివాళ్ళయిపోవాలి! ఇప్పటి స్పీచ్ థెరపిస్టులు ఇంటిభాష మానమని చెప్పరు. చెబితే, ఇంకొకరి దగ్గరికి వెళ్ళవచ్చు.

ఇంకో ముఖ్య విషయం. రెండు భాషల పిల్లలు మాట వెతుక్కుంటూ "అది... అదీ... ఊఁ... అదీ" అని ఆగడం మామూలు. అది నత్తి కాదు. నత్తిలో పిల్లవాడికి మాట తెలుసు, నోటిదాకా వచ్చింది, కానీ మొదటి శబ్దం దగ్గర బిగుసుకుపోతుంది. లేదా "క-క-క-కావాలి" అని తిరుగుతుంది. లేదా "మ్మ్మ్మ్మామ్మ" అని సాగుతుంది. దానితో కళ్ళు బిగించడం, తల ఊపడం, పిడికిలి కొట్టుకోవడం కూడా ఉండవచ్చు. స్పానిష్, ఇంగ్లీషు రెండూ మాట్లాడే పిల్లలమీద టెక్సాస్‌లో జరిగిన పరిశోధనల్లో, నత్తి లేని ఇలాంటి పిల్లల్ని కూడా నత్తివాళ్ళుగా పొరబడే అవకాశం ఎక్కువని తేలింది. కాబట్టి పరీక్ష చేసేవారికి ఇంట్లో తెలుగు మాట్లాడతామని ముందే చెప్పండి. తెలుగులో మాట్లాడుతుండగా ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళండి.

తెలుగు వచ్చిన నత్తి పిల్లల్లో ఒక తమాషా ఉంటుంది. 'పుస్తకం' అనే మాట గొంతులో చిక్కుకుంటుందని ముందే తెలుసు కనక చప్పున 'బుక్' అనేస్తారు. 'బ' కూడా చిక్కుకునేలా ఉంటే "అదే, నేను చదువుతున్నది" అంటారు. వినేవాళ్ళు "అయ్యో, తెలుగు మరిచిపోతున్నాడు" అనుకుంటారు. వాడు మరిచిపోలేదు. ఒక్క క్షణంలో మూడు దారులు వెతికి, ట్రాఫిక్ లేని దారిలో ఇంటికొచ్చాడు! ఇలా ఏళ్ళ తరబడి చేసినవాళ్ళ దగ్గర ఒక్కో వస్తువుకీ నాలుగేసి మాటలుంటాయి. వాక్యాన్ని మధ్యలో తిప్పే నేర్పు ఉంటుంది. రాతలో అది అందంగా పనికొస్తుంది.

ఇది బలమే. కానీ అదే దాక్కునే చోటు కూడా. పిజ్జా కొట్లో పెపరోనీ కావలసిన పిల్లవాడు 'ప' రాదని చీజ్ అడిగి తింటాడు. జవాబు తెలిసినా "తెలియదు" అంటాడు, ఎందుకంటే 'తెలియదు' తేలిగ్గా వస్తుంది. మాట మార్చడానికి వీల్లేనిది ఒక్కటే ఉంది, సొంత పేరు. అందుకే నత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి అన్నిటికంటే కష్టమైన మాట తమ పేరే. మనం పెట్టే పేర్లేమో తాతగారి పేరూ, దేవుడి పేరూ, నక్షత్రాన్ని బట్టి వచ్చిన మొదటి అక్షరమూ కలిపి రైలుబండంత. కొత్త క్లాసులో మొదటిరోజు అందరూ వరసగా పేర్లు చెబుతుంటే, ఆ వరస తనదాకా వచ్చేలోపల ఆ పిల్లవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో ఊహించండి. కాలేజీకి వెళ్ళగానే "నన్ను శామ్ అని పిలవండి" అన్న కుర్రాణ్ణి చూసి, తెల్లవాళ్ళ మోజు అని విసుక్కుంటాం. కొందరి విషయంలో కారణం అదేనా?

మళ్ళీ మిషిగన్‌కే వద్దాం. అక్కడ చార్లెస్ వాన్ రైపర్ అని ఇంకొకాయన ఉండేవారు. 1905లో పుట్టారు. నత్తి చాలా ఎక్కువ. నత్తి తగ్గించుకోవడానికి ఆ రోజుల్లో ఉన్న వైద్యాలన్నీ చేయించుకున్నారు, ఏదీ నిలవలేదు. ఉద్యోగం దొరక్క తిరుగుతున్న రోజుల్లో ఒకసారి దారిన పోయే కారాపి ఎక్కారు. కారు నడిపే ముసలాయన, ఈయన మాట్లాడడానికి పడుతున్న అవస్థ చూసి నవ్వాడట. ఈయనకి ఒళ్ళు మండింది. అప్పుడా ముసలాయన తానూ నత్తిగానే, కానీ ఏ తంటాలూ పడకుండా హాయిగా తడబడుతూ చెప్పాడు. తనకీ ఒకప్పుడు అలాగే ఉండేదనీ, వయసు మీరి పోట్లాడే ఓపిక లేక, ఇప్పుడు మాటని అదెలా వస్తే అలా రానిస్తున్నాననీ.

వాన్ రైపర్ తరవాత చాలాసార్లు చెప్పుకున్న సంగతి ఇది. నత్తి లేకుండా మాట్లాడడం కాదు, పెనుగులాట లేకుండా నత్తిగా మాట్లాడడం నేర్చుకోవాలని ఆయనకి అప్పుడు తట్టింది. 1936లో కాలమజూలో క్లినిక్ పెట్టి, జీవితమంతా అదే నేర్పారు. ఈ దేశంలో స్పీచ్ థెరపీ అనే వృత్తికి పునాదులు వేసినవాళ్ళలో ఆయనొకరు. ఇందాక చెప్పిన వెండెల్ జాన్సన్ ఇంకొకరు. ఇద్దరికీ నత్తే. ఇద్దరూ చదివింది అయోవాలోనే. ఒకాయన అది ఎవరి తప్పో వెతకబోయి పిల్లలకి కీడు చేశారు. ఇంకొకాయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరు చేరే దారి వెతికారు. లోపాన్ని బలంగా మార్చుకోవడం అని తేలిగ్గా అనేస్తాం గానీ, అది రెండు వైపులా పోగలదని ఈ ఇద్దర్నీ చూస్తే తెలుస్తుంది.

రాజుగారి కథ చాలామందికి తెలుసు కనక తొందరగా చెప్పేస్తాను. ఇంగ్లండు రాజు ఆరో జార్జి, అప్పటికింకా రాజు కాదు, 1925లో వెంబ్లీలో ప్రసంగిస్తూ తడబడి అవమానపడ్డారు. ఆ తరవాత లయొనెల్ లోగ్ అనే ఆస్ట్రేలియా ఆయన దగ్గర మాటకి సాధన చేశారు. 1939లో యుద్ధం మొదలైన రోజున రేడియోలో దేశాన్నుద్దేశించి మాట్లాడారు. 2010లో 'ది కింగ్స్ స్పీచ్' సినిమా వచ్చింది. నాకు నచ్చేది రాజుగారికంటే ఆ సినిమా రాసిన డేవిడ్ సైడ్లర్ సంగతి. చిన్నప్పుడు ఆయనకీ నత్తే. రాజుగారి కథ రాద్దామని అనుమతి అడిగితే, రాజుగారి భార్య తాను బతికుండగా వద్దన్నారు, ఆ జ్ఞాపకాలు ఇంకా బాధపెడతాయని. ఆయన ఆగారు. ఆవిడ నూటొక్క ఏళ్ళు బతికి 2002లో పోయారు. ఆ తరవాత రాసి, 2011లో, డెబ్బై దాటిన వయసులో ఆస్కార్ అందుకున్నారు. ఆగడం ఎలాగో తెలిసినవాడు మరి!

పిల్లలకి ఇంకా దగ్గరివాడు కావాలంటే హృతిక్ రోషన్. చిన్నప్పుడు నత్తి ఉండేదనీ, బళ్ళో నోటిపరీక్ష ఉన్నరోజు ఏదో ఒక వంకతో ఇంట్లో ఉండిపోయేవాడిననీ ఆయనే చెప్పారు. పెద్దయ్యాక కూడా రోజూ సాధన చేస్తాననీ దాచకుండా చెప్పారు. ఆయన కుడిచేతికి రెండు బొటనవేళ్ళు. 2003లో వచ్చిన 'కోయీ మిల్ గయా'లో ఆ వేలిని దాచకుండా కథలోనే వాడుకున్నారు.

ఇప్పుడు తల్లిదండ్రులకి కొన్ని పనికొచ్చే సంగతులు. పిల్లవాడి తడబాటు ఆరునెలలు దాటినా తగ్గకపోయినా, కుటుంబంలో ఇంకెవరికైనా ఉన్నా, మాట్లాడడానికి వాడు పెనుగులాడుతున్నా, సిగ్గుపడి మానేస్తున్నా "పెద్దయితే అదే పోతుంది" అని కూర్చోవద్దు. థెరపిస్టుకి చూపించండి. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. అమెరికాలో 1975నాటి చట్టం ప్రకారం, అర్హత ఉన్న పిల్లలకి మూడేళ్ళనించే ప్రభుత్వ పాఠశాలల ద్వారా ఈ సాయం ఉచితంగా అందాలి. పరీక్ష చెయ్యమని కాగితం మీద రాసి అడగాలి. చాలామంది మనవాళ్ళు 'స్పెషల్ ఎడ్యుకేషన్' అన్న ముద్ర పడుతుందని, పిల్లవాడి రికార్డులో ఉండిపోయి రేపు కాలేజీ సీటుకి అడ్డొస్తుందని సంతకం పెట్టరు. ఆ కాగితాలు కాలేజీలకి పంపేవి కావు. స్కూలు రికార్డుల గోప్యతకి చట్టం ఉంది. నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయమే అసలు అడ్డు. ఆ నలుగురిలో ఒకరిద్దరి ఇళ్ళల్లోనూ ఇదే ఉందని ఇందాక లెక్క చెప్పాను.

శ్లోకాలు గడగడా చెబుతాడు, పాట చక్కగా పాడతాడు, మామూలుగా మాట్లాడమంటే మాత్రం నత్తి, అంటే కావాలనే చేస్తున్నాడా అని కొందరు అడుగుతారు. కావాలని చెయ్యడు. పాటలో, లయతో చెప్పే పద్యంలో, పదిమందితో గొంతు కలిపి చదివేటప్పుడు నత్తి దాదాపు ఎవరికైనా మాయమవుతుంది. జోన్స్ పద్యం చెప్పింది కూడా అలాంటిదే. అందుకని ఆదివారం తెలుగు తరగతిలో వేమన పద్యాలు అందరూ కలిసి చెప్పే పద్ధతి ఈ పిల్లలకి ఒక వరం. ఆ రోజుకి వాళ్ళు అందరిలాంటివాళ్ళు. టీచర్లు ఒక్కొక్కరినీ లేపి చదివించే ముందు ఒకసారి కలిసి చదివించండి.

ఇంట్లో, వారానికొకసారి ఇండియాకి వీడియో కాల్ చేసేటప్పుడు, పిల్లవాడి చేతికి ఫోనిచ్చి "తాతయ్యకి నువ్వేం చేశావో చెప్పు" అని అందరూ చుట్టూ చేరకండి. తాతయ్యగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, "వాడు ఆగితే మీరు అందించకండి నాన్నగారూ, వాడే చెబుతాడు" అని. భోజనాల దగ్గర ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురాకుండా ఉండే అలవాటు చేసుకోండి. తెలుగువాళ్ళింట్లో ఇది సాధ్యమా అని నాకూ అనుమానమే, కానీ ప్రయత్నించవచ్చు. మాటలు మధ్యలో తెగినప్పుడు కళ్ళు తిప్పుకోకుండా మామూలుగా చూడండి. మీరు మెల్లిగా మాట్లాడితే చాలు, వాణ్ణి మెల్లిగా మాట్లాడమని చెప్పనక్కరలేదు.

పిల్లలూ, మీలో ఎవరికైనా ఇది ఉంటే, కొత్తచోట మొదటే చెప్పేయడం మంచిది. "నాకు నత్తి ఉంది, కొంచెం టైం పడుతుంది, వినండి" అంతే. క్షమాపణ అడగకండి. అలా ముందే చెప్పేస్తే వినేవాళ్ళకి ఇబ్బంది తగ్గుతుంది, మీకు దాచే పని తప్పుతుంది. మీకు లేకపోతే, మీ క్లాసులో ఉన్నవాడి మాట మీరు పూర్తిచెయ్యకండి. చాలాసార్లు తప్పుగా పూర్తిచేస్తారు, పాపం వాడు మళ్ళీ మొదటినించి చెప్పాలి. అక్టోబరు 22 ప్రపంచ నత్తి అవగాహన దినం. 1998నించీ జరుగుతోంది. బళ్ళో ఆ రోజు మాట్లాడడానికి అనుమతి అడగవచ్చు.

ఉగాది కార్యక్రమానికి పిల్లల పేర్లు తీసుకునే కమిటీవారికి ఒక విన్నపం. మన ఫారంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అని అచ్చేసి ఉంటుంది. మూడు కాగానే వెనకనించి ఎవరో చెయ్యి ఊపుతారు, మైకు ఆగిపోతుంది. ఏ తల్లయినా, తండ్రయినా వచ్చి మా వాడు కూడా స్టేజీ ఎక్కుతానంటున్నాడు, కొంచెం ఆగి ఆగి మాట్లాడతాడు అని చెబితే, కారణాలు అడగకుండా ఆ పేరు పక్కన ఐదు అని రాయండి.